వెలిపడ్డ చెయ్యి

పెదగరువులో ఏ చెరువులోనైనా మొదటి రొయ్యపిల్ల అచ్చాయమ్మ చేతిమీదుగా పడాల్సిందే. ఎవరూ పెట్టిన రూలు కాదది. ఎప్పుడో ఆవిడ మొగుడు బతికున్న రోజుల్లో చుట్టుపక్కల చెరువులన్నీ తెల్లమచ్చ రోగంతో తుడిచిపెట్టుకుపోతే, ఆవిడ పిల్ల వేసిన చెరువొక్కటీ నిలబడింది. అంతే, హస్తవాసి మంచిదన్నారు. హేచరీ నుంచి పిల్ల సంచులు దిగగానే రైతు స్వయంగా ఇంటికెళ్ళి "రావాలండి అచ్చాయమ్మగారూ" అని పిలుచుకొచ్చేవాడు. ఆవిడ కుచ్చెళ్ళు ఎగదోపుకుని మోకాలిలోతు నీళ్ళలో దిగి, సంచిని కాసేపు తేలనిచ్చేది. సంచిలో నీళ్ళూ చెరువులో నీళ్ళూ ఒకే వేడికి వచ్చాక మూతి విప్పి, అరచెయ్యి అడ్డంపెట్టి, వెంట్రుక ముక్కల్లాంటి పిల్లని వేళ్ళసందుల్లోంచి వదిలేది. గట్టుమీద ఉన్నవాళ్ళు మాట్లాడకుండా చూసేవారు.

ఆవిడ వేసిన చెరువులూ కొన్ని పోయేవి. అప్పుడు నీటిమీద తప్పు పెట్టేవారు, మేతమీద పెట్టేవారు, హేచరీవాణ్ణి తిట్టేవారు. చేతిని మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. హస్తవాసి అనేది అలాగే బతుకుతుంది.

ఆ అచ్చాయమ్మకి మేనకోడలు సుభాషిణి. తల్లి పురిట్లోనే పోతే అచ్చాయమ్మే చంకనేసుకుని పెంచింది. ఆ పిల్ల కంప్యూటర్ చదువులు చదివి, ఎక్కడెక్కడో పనిచేసి, చివరికి పెదగరువుకి కాస్త దూరంలో కాలవ పక్కనే కట్టిన యంత్రరక్షణ పరిశోధనశాలకి డైరెక్టరుగా వచ్చింది.

ఆ పరిశోధనశాల పుట్టడానికి కారణం ఒక ముసురు రోజు. డెల్టాలో చెరువులన్నీ అప్పటికే పెట్టెల చేతుల్లోకి వెళ్ళిపోయాయి. మేత ఎంత పడాలో, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఎప్పుడు తిరగాలో గట్టుమీది కంట్రోలు పెట్టే చూసుకుంటుంది. పెట్టెలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ రోజు ఎవడో సరదాకి వదిలిన వైరస్ పెట్టె నుంచి పెట్టెకి పాకి ఏరియేటర్లని ఆపేసింది. ఎండ లేదు, గాలి లేదు, చక్రం తిరగదు. సాయంత్రానికి కాలవ పొడుగునా చెరువులు తెల్లగా తేలాయి. వదిలినవాడెవడో తెలియలేదు.

తెలియకపోవడమే సుభాషిణిని కాల్చేసింది. పెదగరువులో రోగమొచ్చిన చెరువుకి ఎర్రగుడ్డ కట్టి, తూము మూసి, బ్లీచింగు కొట్టాలి. కట్టకుండా చాటుగా రోగం నీళ్ళు కాలవలోకి వదిలేసినవాణ్ణి ఊరు ఊరంతా ఉమ్మేస్తుంది. వైరస్ వదిలినవాడి ముఖమ్మీద ఉమ్మడానికి మాత్రం ముఖమే దొరకలేదు.

ఆవిడ తయారుచేసినదాని పేరు కావలి. వైరస్‌ని చంపే మందులు అంతకుముందూ ఉన్నాయి. కావలి చంపడంతో ఆగదు, దాన్ని కన్నవాణ్ణి పట్టిస్తుంది. వాకిట్లో చెప్పుల చప్పుడు విని వచ్చేదెవరో ఇంట్లోంచే చెప్పేస్తాం కదా. వేళ్ళకీ అలాంటి నడక ఉంటుంది. ఏ మీటమీద ఎంత బరువు వేస్తాం, ఎక్కడ పరిగెడతాం, ఎక్కడ తడబడతాం అన్నది మనిషికొక తీరు. ఏ కీబోర్డు మీద ఏం రాసినా ఆ వేలి నడక రాసినదాంట్లోనే కలిసిపోయేలా చేసింది సుభాషిణి. పాలల్లో నీళ్ళు కలిసినట్టు. విడదీద్దామని చూస్తే రాసింది పనిచెయ్యకుండా పోతుంది.

శిక్ష కూడా ఆవిడ ఆలోచనే. జైలు వద్దంది. వెలి వెయ్యమంది. తాతలనాడు కట్టుబాటు తప్పినవాడికి ఊళ్ళో నిప్పూ నీళ్ళూ బందు చేసేవారని వింటూ పెరిగింది. ఇప్పుడు నిప్పూ నీళ్ళూ రెండూ మీట నొక్కితేనే వస్తున్నాయి కాబట్టి మీటలకి చెబితే చాలు. వైరస్ కన్న చేతిని ఏ మీటా ఒప్పుకోదు. పొయ్యి వెలగదు, మోటారు తిరగదు, ఫోను పలకదు, బస్సు తలుపు తెరుచుకోదు. జాలిపడి ఎవరైనా వాడికోసం మీట నొక్కారా, వాళ్ళ చెయ్యీ కొన్నాళ్ళు చెల్లదు. ఈ చివరి ముక్క విన్నప్పుడు ప్రభుత్వ పెద్దలు బల్లలు చరిచారు. ఆనాటి వెలి ఊళ్ళో ఎవరిమీద పడేదో, పెద్దిళ్ళ గుమ్మం ఎప్పుడైనా ఎక్కిందో లేదో ఎవరూ అడగలేదు. సుభాషిణీ అడగలేదు.

మీటలు కాదన్నప్పుడు చెప్పే మాటకి ఒక గొంతు కావలసి వచ్చింది. జిల్లా జనానికి పరాయిగా ఉండకూడదని ఆవిడే చదివింది. "ఈ చెయ్యి చెల్లదు. దయచేసి తప్పుకోండి."

మందు పనిచేస్తుందో లేదో చూడాలంటే రోగం కావాలి. కావలిని పరీక్షించడానికి వాళ్ళే ఒక వైరస్ తయారుచేసుకోవాలి. దాన్ని రాయడం మొదలెట్టే రోజున అచ్చాయమ్మ ఎండు రొయ్యల పొడి సీసా పట్టుకుని ల్యాబుకి వచ్చింది.

ఆవిణ్ణి చూడగానే సుభాషిణికి చిన్నప్పటి గట్టు గుర్తొచ్చింది. చదువుకున్నదే. విదేశాల్లో ఉపన్యాసాలిచ్చి వచ్చినదే. అయినా ఒక పెద్ద పని మొదలెట్టేముందు ఆ చెయ్యి పడితే బాగుండుననిపించింది.

"అత్తా, ఇలా వచ్చి కూర్చో. మొదటి పిల్ల నువ్వే వెయ్యాలి."

"ఇదేం చెరువే? వేలెడితే పేలదు కదా?"

"పేలదు. నేను చూపించిన మీట నొక్కడమే."

పక్కన ఉన్న హరగోపాల్ నవ్వు ఆపుకున్నాడు. సుభాషిణి దగ్గర పనిచేసే కుర్ర శాస్త్రవేత్త. "మేడమ్, లోకంలో కొబ్బరికాయ కొట్టి మొదలెట్టిన మొదటి వైరస్ మనదేనండి."

"నవ్వకయ్యా. మా అత్త చెయ్యి పడింది ఏదీ చావదు."

అచ్చాయమ్మకి ఇంగ్లీషక్షరాలు రావు. సుభాషిణి "ఆ కొక్కెంలాంటిది... ఇప్పుడా నిచ్చెన... ఆ గుండ్రం" అంటూ చూపిస్తూ పోయింది. అచ్చాయమ్మ చూపుడువేలితో, రొయ్యపిల్లని వదిలినంత జాగ్రత్తగా, ఒక్కొక్క మీటే నొక్కింది. వైరస్‌కి గుండెకాయలాంటి వరసలవి. మిగతాదంతా ల్యాబువాళ్ళు తర్వాత కలుపుకున్నారు. మూలం మాత్రం ఆవిడ వేలు. ల్యాబులో పనిచేసే అందరి వేలి నడకనీ మనవాళ్ళ చేతులుగా కావలికి ముందే చెప్పిపెట్టారు, వాళ్ళని పట్టుకోవద్దని. అచ్చాయమ్మ ల్యాబు మనిషి కాదు కదా. ఆవిడ సంగతి ఎవరికీ తట్టలేదు.

"అయిపోయిందా? ఓస్, దీనికేనా నువ్విన్ని సంవత్సరాలు చదివింది!" అని లేచి ఆవిడ బస్సెక్కి వెళ్ళిపోయింది.

కావలి గెలిచింది. ల్యాబు పరీక్షల్లో దానికింకా బయటి జనం వేలి నడకలు తెలియవు, అందుకే పేరేదీ చెప్పలేదు. ప్రతి ఇంటి మీటల నుంచీ చేతులు నేర్పి దేశమంతా పెట్టారు. వైరస్‌లు రాసేవాళ్ళ చేతులు ఒక్కొక్కటే వెలిపడ్డాయి. వాళ్ళలో కనకలింగమనే ఆయన ఒకరు. పక్క టౌనులో టైపింగు షాపు. జనం తెచ్చిచ్చినవి కొట్టిపెట్టడం ఆయన వృత్తి. ఒకరోజు ఆయన పరిశోధనశాల గేటు దగ్గరికి వచ్చి బెల్లు నొక్కాడు. అది మోగలేదు. చెల్లని చెయ్యి కదా. అలా నొక్కుతూనే నిలబడ్డాడు, నొక్కినప్పుడల్లా సుభాషిణి గొంతుతో గేటు తప్పుకోమంటూనే ఉంది. ఆయనేదో అరుస్తున్నాడు. కెమెరాలో చూస్తున్న సుభాషిణి ధ్వని పెంచింది.

"నేను కొట్టేనండి గానీ రాసింది నేను కాదండి! ఎవరో తెచ్చిచ్చేరండి! కొట్టిపెట్టమంటే కొట్టేనండి!"

"పట్టుబడ్డవాళ్ళందరూ అనే మాటే," అంది సుభాషిణి. ఆవిడ చూసింది ఆయన ముఖం కాదు, ఆ బెల్లుని. వేసవి ఎండలో వేడెక్కిన మీట కూడా ఆ చేతిని ఇంత చక్కగా గుర్తుపడుతోందే అనుకుంది. కాఫీ చల్లారకముందే ఆయన వెళ్ళిపోయాడు.

మరుసటి వర్షాలకి పెదగరువులో పిడుగు పడింది. పేరిరాజుగారి చెరువు గట్టుమీది పెట్టె మాడిపోయింది. ఆయన రైతుల సంఘానికి ప్రెసిడెంటు. ఊపిరి అందని మనిషిలా ల్యాబుకి పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్‌గారూ, ముసురు పట్టేసిందండి. కొత్త పెట్టె వచ్చేసరికి రొయ్య ఉండదండి. మీకాడ ఏదోటి ఉంటుంది కదండీ, పుణ్యముంటుంది."

ల్యాబులో ఒకటి ఉంది. పరీక్షలకోసం అచ్చాయమ్మ వైరస్‌ని ఎక్కించి, తర్వాత కావలితో కడిగిన పెట్టె. అలాంటివాటిని సుత్తితో పగలగొట్టి పూడ్చాలని సుభాషిణే నియమం పెట్టింది.

"మేడమ్, అది..." అని హరగోపాల్ నసిగాడు.

"కావలి కడిగేసింది. శుభ్రంగా ఉంది."

"రూలు ప్రకారం పగలగొట్టాలి కదండి."

"నేను చేసినదాన్ని నేనే నమ్మకపోతే ఊళ్ళోవాళ్ళు ఎందుకు నమ్ముతారయ్యా?" అని ఆవిడే స్వయంగా పెట్టె మోసుకొచ్చి రాజుగారి కారులో పెట్టింది.

ఆ పెట్టెలో గడియారానికి ప్రాణమిచ్చే ఒక చిన్న చిప్పు ఉంది. కావలి అక్కడ వెతకదు. వెతకాలని ఎవరికీ తోచలేదు. అచ్చాయమ్మ వేసిన పిల్ల అక్కడ దాక్కుంది. పేరిరాజు చెరువులో బతికి, ముసురు ముదిరిన మధ్యాహ్నం పక్క పెట్టెలకి పాకింది. ఏరియేటర్లు ఒక్కొక్కటే ఆగాయి. రొయ్యలు ఒడ్డుకొచ్చి మీసాలు పైకెత్తి గాలికోసం కొట్టుకున్నాయి. జనం తెడ్లతో, పళ్ళేలతో, చేతులతో నీళ్ళు చిలికారు. అచ్చాయమ్మ కూడా ఒక చెరువులో దిగి మెడదాకా తడిసి చిలికింది.

సాయంత్రానికి కావలి దాన్ని పట్టుకుని చంపేసింది. సగం ఊరి చెరువులు పోయినా సగం ఊరు మిగిలింది. వెంటనే ఎప్పటిలాగే, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, కన్నచేతి పేరు బయటపెట్టింది.

అచ్చాయమ్మ.

మొదట ఊరు నమ్మలేదు. "సంతకమే రాదు కదండీ ఆవిడకి!" అన్నారు. నమ్మడానికి ఎక్కువసేపు పట్టలేదు కూడా.

"మిషనుకి కులముందా, చుట్టరికముందా? అబద్ధమాడాల్సిన పనేంటండి దానికి?" అన్నాడొకడు.

"మేనకోడలు కాడికి వస్తూ పోతూ ఉండేది. ఏం నేర్చుకుందో ఎవడికి తెలుసు."

"అసలా చేతిలోనే ఉందేమోరా! మా నాన్న చెరువు కూడా ఆవిడేసిందే. ఏమైంది?"

అప్పటిదాకా ఎవరూ గుర్తుపెట్టుకోని చెరువులన్నీ ఒక్కసారిగా అందరికీ గుర్తొచ్చాయి. నీళ్ళమీదా మేతమీదా వేసిన తప్పులన్నీ అక్కణ్ణించి తీసుకొచ్చి ఆ చేతికి తగిలించారు.

ఆ పేరు వినగానే సుభాషిణి సంగతంతా గ్రహించింది. హరగోపాల్ కూడా. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మర్నాడు ఆవిడ పెదగరువు వెళ్ళింది.

అచ్చాయమ్మ పెరట్లో మూడు ఇటుకలు పెట్టుకుని పుల్లలతో వంట చేస్తోంది. పొగకి కళ్ళు ఎర్రబడ్డాయి. మేనకోడల్ని చూసి చెంగుతో పీట తుడిచింది.

"కూచో. పొయ్యి నా చేతికి వెలగనంటోంది. పక్కింటి మహాలక్ష్మి వెలిగించి పెడతానని వచ్చింది గానీ నేనే వద్దన్నాను. దాని చెయ్యి కూడా పోతే పసిపిల్లలతో ఎలా చస్తుంది?"

సుభాషిణి పీటమీద కూర్చుంది.

"బస్సు కాడికెళ్తే నువ్వే. ఆస్పత్రిలో బీపీ మిషను కాడా నువ్వే. మోటారు కాడా నువ్వే." అచ్చాయమ్మ నవ్వింది. "నీ గొంతేగా అమ్మడూ. రోజూ ఎన్నిసార్లు వింటున్నానో. నువ్వు ఇంటికొచ్చి అలా పిలిచినట్టుంటుంది. ఆ తర్వాత తప్పుకోమంటావనుకో."

పొగ సుభాషిణి వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకోడానికి సాకు దొరికింది.

"ఒక మాటడుగుతాను, ఏమనుకోకు," అంది అచ్చాయమ్మ గొంతు తగ్గించి. "ఆ రోజు నీ ఆఫీసులో నాచేత కొట్టించావు కదా. కొక్కెం, నిచ్చెన అంటూ. అది గాని కాదు కదా?"

జవాబు చెప్పడానికి సుభాషిణికి చాలా చోటుంది. పెరడంతా ఖాళీగా ఉంది. వినేవాళ్ళు లేరు. అవునంటే చాలు.

"కాదత్తా. అది వేరే."

"హమ్మయ్య!" అని అచ్చాయమ్మ గుండెమీద చెయ్యి వేసుకుంది. "నీకు మాటొస్తుందేమోనని నిద్ర పట్టలేదే నాకు. నాదేముంది, ముసలి చెయ్యి."

ఆవిడ పెట్టిన అన్నం సుభాషిణి తింది. తినకుండా లేస్తే అనుమానం వస్తుందని తింది.

ల్యాబులో హరగోపాల్ కాచుకుని ఉన్నాడు. "మేడమ్, చెప్పేద్దామండి. కొట్టిన చెయ్యి వేరు, రాసిన బుర్ర వేరు. కావలికి ఆ తేడా తెలీదు. మనం నేర్పలేదు."

"చెప్తే? వెలిపడ్డ ప్రతివాడూ నాదీ అంతేనంటాడు. ఎవణ్ణీ ఆపలేం. రేపు చెరువులు కాదు, ఆస్పత్రులు ఆగిపోతే?"

"అది నిజమే గానీండి..."

"సీజను దాటనీ. నెమ్మదిగా అత్త పేరు తీయించే దారి చూస్తాను."

ఆ మాట చెబుతూండగానే అందులో ఎంత భాగం దేశంకోసమో, ఎంత తన పేరుకోసమో ఆవిడకి తెలుస్తూనే ఉంది. తెలిసీ ఆగలేకపోయింది. అదే మరీ సిగ్గనిపించింది. మాట మార్చి అడిగింది: "ఆ టైపింగు ఆయన... గేటు దగ్గర నిలబడ్డాడే. ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇటుకల బట్టీలో చేస్తున్నాడని విన్నానండి. అక్కడైతే మీటలుండవు కదా. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికెళ్ళిపోయిందిట."

కెమెరాలో ఆయన ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయింది. బెల్లు మాత్రమే గుర్తొచ్చింది.

వర్షాలు వెనకబట్టాక పోయిన చెరువులు ఎండగట్టి, సున్నం చల్లి, మళ్ళీ నీళ్ళు పెట్టారు. పేరిరాజు మళ్ళీ ల్యాబుకి వచ్చాడు, ఈసారి పళ్ళూ పువ్వులూ పట్టుకుని.

"రేపు పిల్లేస్తున్నామండి. సగం ఊరిని నిలబెట్టింది మీరు. ఈ ఏడు మొదటి పిల్ల మీ చేతిమీదుగా పడాలని ఊరంతా అనుకున్నామండి. కాదనకూడదు."

"నేనా? నాకు... అలవాటు లేదండి."

"అలవాటేముందండీ, చెయ్యి మంచిదైతే చాలు. ఆవిడది చూశాం కదా."

సుభాషిణి రాజుగారు తెచ్చిన పళ్ళు అందుకుంది. మర్నాడు గట్టుమీద నిలబడేదాకా కూడా ఏం చెయ్యాలో తెలియలేదు. ఊరంతా వచ్చింది. చెప్పులు విడిచి నీళ్ళలో దిగింది. చల్లగా, జిగటగా బురద కాళ్ళకి పట్టుకుంది. ఎవరో సంచి అందించారు. లోపల గుప్పెడు పొగలా పిల్ల కదులుతోంది.

అప్పుడు చూసింది. దూరంగా, రెండు చెరువుల అవతల, ఎవరూ లేని గట్టుమీద అచ్చాయమ్మ నిలబడి ఉంది. దగ్గరికొస్తే పెట్టె ఆగిపోతుందేమోనని అంత దూరంలో ఆగింది. మేనకోడలు పిల్లేస్తుంటే చూద్దామని వచ్చింది. చెయ్యి పైకెత్తి, అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపిస్తోంది. ఇలా పట్టుకోవే, వేళ్ళసందుల్లోంచి వదులు, అని. గాలికి ఆవిడ మాట ఇక్కడిదాకా రావడం లేదు. చెయ్యి మాత్రం ఆడుతోంది.

సుభాషిణి సంచి విప్పలేదు. దాన్ని నీళ్ళమీదే వదిలేసి వెనక్కి తిరిగింది.

"ఈ చెయ్యి వద్దండి," అంది.

"అదేంటి మేడమ్‌గారూ, ముహూర్తం దాటిపోద్ది."

"మీ చెరువుల్ని చంపింది మా అత్త కాదు. ఆ వైరస్ నాది. నా ల్యాబులో, నేను చెప్పి, మా అత్త వేలితో కొట్టించాను. ఆవిడ చెయ్యి మంచిదని. రాజుగారూ, మీకిచ్చిన పెట్టెలో అది ఉంది. పగలగొట్టాల్సిన పెట్టె. శుభ్రంగా ఉందని నేనే ఇచ్చాను."

పేరిరాజు చేతిలో ఉన్న హారతి పళ్ళెం నెమ్మదిగా కిందికి దిగింది.

"తమరికి ఇదెప్పుడు తెలుసండి?"

"మొదటిరోజే."

"మొదటిరోజే!" ఆయన ఊరివాళ్ళవైపు తిరిగాడు, మళ్ళీ ఆవిడవైపు. "మా చెరువులో రోగమొస్తే ఎర్రగుడ్డ కట్టకపోతే ఉమ్మేస్తాం కదండీ. మరి మీ గేటుకెందుకు కట్టలేదు? చదువుకున్నోళ్ళ రోగానికి గుడ్డ ఉండదాండీ?"

వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు: "పెంచిన చెయ్యే దొరికిందా దీనికి బలివ్వడానికి!"

సుభాషిణి తల ఎత్తలేదు. గట్టు ఎక్కుతూంటే జనం పక్కకి తప్పుకున్నారు. గౌరవానికి కాదు, చీర అంచు తగలకుండా. గట్టు చివర కర్రకి పోయిన సీజను ఎర్రగుడ్డ ఇంకా వేలాడుతోంది. దాన్ని పీకి చేతబట్టుకుంది. ఇటు తిరిగి రెండు చెరువుల అవతలికి చూసింది. అచ్చాయమ్మ చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉంది. ఏం జరిగిందో ఆవిడకింకా తెలియదు.

ఎర్రగుడ్డ పరిశోధనశాల గేటుకి కట్టాక ప్రభుత్వ పెద్దలు దిగారు. చాలా మాటలయ్యాయి. వేలి నడక ఒక్కటే చూసి వెలెయ్యకూడదన్నారు. వెలిపడినవాళ్ళందర్నీ ఇవాళ్టికి వదిలి, ఒక్కొక్కరి సంగతీ మళ్ళీ విచారించాలన్నారు. కనకలింగానికి కబురెళ్ళింది. ఆయన రానన్నాడు. ఆ గేటు దగ్గర మళ్ళీ నిలబడనని మాత్రం చెప్పి పంపాడు. మిగతా చట్టం మాత్రం అలాగే ఉంది. తన నోటితో తాను ఒప్పుకున్నవాళ్ళకి వెలి వెలే. వాళ్ళకి సాయం చేసినవాళ్ళ చెయ్యీ కొన్నాళ్ళు చెల్లదు.

మనవాళ్ళ చేతుల పట్టీలోంచి సుభాషిణి తన చేతిని తనే తీయించుకుంది. చివరి మీట హరగోపాల్ నొక్కాలి.

"నావల్ల కాదు మేడమ్."

"నొక్కవయ్యా. నా చెయ్యి చెల్లేది ఇదే ఆఖరుసారి. దాన్ని ఇందుకు వాడుకోవాలని లేదు."

అతను మొహం తిప్పుకుని నొక్కాడు.

సుభాషిణి ఒంటరిగా బయటికి నడిచింది. గేటు దగ్గరికొచ్చి అలవాటుగా మీటమీద వేలు పెట్టింది.

"ఈ చెయ్యి చెల్లదు. దయచేసి తప్పుకోండి."

తన గొంతు ఇంత మర్యాదగా ఉంటుందని ఆవిడకి తెలియదు. చదివేటప్పుడు ఎక్కడ నొక్కిపలకాలో, ఎక్కడ మెత్తగా అనాలో అద్దం ముందు చూసుకుంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మర్యాద. కనకలింగం అవతల నిలబడ్డాడు, తను ఇవతల. గేటు ఒకటే. వెనక్కెళ్ళి ఎవరినైనా పిలిస్తే వాళ్ళ చెయ్యి పోతుంది. అలాగే నిలబడిపోయింది.

ఊచల అవతల ఎవరో కూర్చున్నవాళ్ళు లేచారు. అచ్చాయమ్మ. గేటుకి కట్టిన ఎర్రగుడ్డ నీడలో ఎప్పట్నించి కూర్చుందో. ఆ పొద్దున్నే ఆవిడ చెయ్యి విడుదలైంది. ఇంట్లో పొయ్యి వెలిగించుకుని చూసుకోకుండా ఇక్కడికొచ్చినట్టుంది.

"అత్తా, నువ్వెళ్ళిపో. ఇది ముట్టుకోకు."

అచ్చాయమ్మ మీటవైపు చూసింది. ఒకప్పుడు సంచి మూతి విప్పేముందు నీళ్ళకేసి చూసినట్టు.

"అత్తా, వద్దు! నొక్కితే మళ్ళీ నీ చెయ్యి..."

ఆవిడ చూపుడువేలితో నొక్కింది. గేటు తెరుచుకుంది.

"వెలిలో ఉన్నవారికి సాయం చేశారు," అంది సుభాషిణి గొంతు, గేటులోంచి. "ఈ చెయ్యి కొంతకాలం చెల్లదు."

అచ్చాయమ్మ ఆ మాట పూర్తయ్యేదాకా ఆగి వింది. తర్వాత ఎదురుగా నిలబడ్డ మేనకోడల్ని చూసింది. క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. ఎందుకబద్ధం చెప్పావని కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని సుభాషిణికి అనిపించింది.

"ఈ గొంతుకి నాకు అలవాటేలే," అంది ముసలామె. "పద. బస్సు మనిద్దర్నీ ఎక్కించుకోదు. నడవాలి."

కాలవ గట్టుమీద నడిచారు. ముందు అచ్చాయమ్మ, వెనక సుభాషిణి. వానకి గట్టు ఒకచోట కోసుకుపోయి బురద జారుతోంది. ముసలామె దాటేసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపింది.

"పట్టుకో. జారుద్ది."

సుభాషిణి తన అరచేతిని చీరకి తుడుచుకుంది. చూసుకుని, మళ్ళీ తుడుచుకుంది.